ఇంటి పుండు

మా అమ్మ పోయాక ఆసుపత్రి వాళ్లు నా చేతిలో పెట్టిన కాగితంలో ఒక లైను ఉంది. నడుము కింద పుండు, ఇక్కడ చేరేనాటికే ఉన్నది అని. వాళ్లు ఇంగ్లీషులో రాశారు, నేను తెలుగులో చెబుతున్నాను. ఆ కాగితంలో మిగతాదంతా నిజమే. వయసు నిజం, పక్షవాతం నిజం, ప్రాణం పోయిన టైము నిజం. ఆ ఒక్క లైనే అబద్ధం. బియ్యంలో రాయిలా మధ్యలో పెట్టారు దాన్ని.

ఆ లైనుకు అర్థం ఏమిటంటే, పుండు మా ఇంట్లో అయిందని. అంటే నేను చేశానని. మంచం పట్టిన తల్లిని కూతురు పక్క మార్చలేదు, తుడవలేదు, పడేసి ఆఫీసుకు పోయింది, ఒళ్లు కుళ్లి ఆమె చచ్చిపోయింది. ఇంత కథ ఉంది ఆ ఒక్క లైనులో. రాసినవాడు ఎవడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిన రోజున వాడి చొక్కా పట్టుకుంటానని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

నేను యూనివర్సిటీలో పరీక్షల విభాగంలో పనిచేస్తాను. సర్టిఫికెట్లలో తప్పులు దిద్దే సీటు నాది. తండ్రి పేరులో అక్షరం ఎగిరిపోయిందనో, పుట్టిన తేదీ తారుమారయిందనో పిల్లలు ఏడుపు మొహాలతో వస్తారు. ఒక్క అక్షరం తప్పు పడితే మనిషి ఎన్ని కిటికీల ముందు నిలబడాలో రోజూ చూస్తాను. అందుకే ఆ లైను చదవగానే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఇందులో అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇంకొకటి ఉంది. ఆ ఆసుపత్రిలో, సరిగ్గా ఆ పుండ్లు కాకుండా చూసే పనిలోనే, మా అమ్మ ముప్పై ఏళ్లకు పైగా అరిగిపోయింది. ఆడవాళ్ల వార్డులో ఆయా ఆమె. అప్పుడు మేం మాణికేశ్వర్ నగర్‌లో ఒక్క గది ఇంట్లో ఉండేవాళ్లం. పొద్దున్నే టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, యూనివర్సిటీ లోపలి నుంచి నడిచి తార్నాకలో బస్సెక్కేది. ఎండాకాలమైనా వానాకాలమైనా ఆ నడక తప్పేది కాదు. క్యాంపస్‌లో పొద్దుటి పూట షూలేసుకుని ఆరోగ్యం కోసం నడిచే పెద్దమనుషులను చూసి, "ఈళ్లకు బస్సు దొర్కలేదేమో పాపం" అనేది.

మంచం పట్టిన రోగులను రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పుస్తకాల్లో రాసి ఉంటుంది. రాసింది చేసేది మాత్రం మా అమ్మలాంటి వాళ్లే. అమ్మకు చదువు రాదు. ఎవరిని ఏ పక్కకు పడుకోబెట్టిందో గుర్తు కోసం మంచం కడ్డీకి కట్టు గుడ్డ ముక్క ఒకటి ముడి వేసేది. ఎడమ పక్కయితే ఎడమ కడ్డీకి, కుడి పక్కయితే కుడి కడ్డీకి, వెల్లకిలా అయితే కాళ్ల దగ్గర. కొత్తగా వచ్చిన నర్సు పిల్లలు మొదట నవ్వేవాళ్లట. నెల తిరిగేసరికి డాక్టరు రౌండుకొస్తే ఆ ముడి చూసే జవాబు చెప్పేవాళ్లట.

"గుంజొద్దు. గుంజితే తోలు లేస్తది. ముసలోళ్ల తోలు ఉల్లిగడ్డ పొర లెక్క. ఎత్తాలె, ఎత్తి తిప్పాలె." ఈ పాఠం ఆమె ఎంతమందికి చెప్పిందో. ఇంట్లో మాకు కూడా చెప్పేది, మాకెందుకో తెలియదు. ఆదివారం మధ్యాహ్నం నేనూ అన్నా ఆదమరిచి పడుకుంటే, అటుగా పోతూ పోతూ మమ్మల్ని కూడా అటు నుంచి ఇటు తిప్పి పోయేది. "మేం సచ్చిపోతలేమే అమ్మా" అని అన్న నిద్రలో గునిసేవాడు.

పుండ్లు రెండు రకాలని చెప్పేది. ఇంటి పుండు, వార్డు పుండు. రోగి ఇంటి నుంచి తెచ్చుకున్నది ఇంటి పుండు. ఆసుపత్రి మంచం మీద అయినది వార్డు పుండు. ఇంటి పుండు వస్తే ఆమె కడిగి, మందు పెట్టి, మాన్పే ప్రయత్నం చేసేది. వార్డు పుండు అనేది మాత్రం తన దగ్గర లేదనేది. "నా వార్డుల వార్డు పుండు ఒక్కటి సూపియ్యి" అని చుట్టాల ముందు ఛాతీ మీద చెయ్యేసుకుని అడిగేది. మా ఇంట్లో చెప్పుకోవడానికి పొలం లేదు, చదువు లేదు. ఈ ఒక్క మాట ఉండేది. నేను కూడా కాలేజీలో స్నేహితురాళ్లకు ఈ మాట చెప్పి మురిసిపోయిన దాన్నే.

రిటైరయ్యాక తార్నాకలో నా దగ్గరే ఉంది. రెండు గదుల పోర్షన్. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి అమ్మకు కుడి పక్క మొత్తం పడిపోయింది. నాలుగు నెలలు నేను చూసుకున్నాను. ఆఫీసు దగ్గరే కాబట్టి రెండు గంటలకోసారి స్కూటీ వేసుకుని వచ్చి పక్క మార్చి పోయేదాన్ని. మా సూపరింటెండెంటు ఖాళీ కుర్చీని చూసి చూసి, చివరికి అడగడం మానేశాడు. అమ్మ నోరు వంకరపోయింది, మాట ముద్దముద్దగా వచ్చేది. అయినా ఊరుకునేది కాదు. "గుంజకు... ఎత్తు" అని మంచం మీది నుంచే నాకు డ్యూటీ వేసేది. నాకు నడుము పట్టేసింది గానీ ఆమె వీపు మీద చిన్న ఎర్ర మచ్చ కూడా రానివ్వలేదు.

తర్వాత నెమ్ము చేసి జ్వరం వచ్చింది. ఆమె పనిచేసిన ఆసుపత్రికే తీసుకుపోయాను. వేరే చోటికి పోదామన్న అన్న మాట వినలేదు. ఆమె మనుషులు, ఆమె వార్డు, కళ్లలో పెట్టుకుని చూస్తారు అన్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది. చేర్చుకునేటప్పుడు ఒక నర్సు వచ్చి వీపు చూసింది. నేనే తిప్పి చూపించాను. "సాఫ్‌గ ఉన్నది, మంచిగ సూస్కున్నరు మేడం" అని కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ మాట నా చెవులతో విన్నాను.

తొమ్మిది రోజులు ఐసీయూలో పెట్టారు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, అంతే. నేను ఎప్పుడు పోయినా అమ్మ వెల్లకిలానే ఉండేది. పక్క మారుస్తున్నారా అని అడిగితే, "టైం టైంకు మారుస్తున్నం మేడం, సూడుండ్రి" అని చార్టు చూపించేవాళ్లు. రెండు గంటలకోసారి టిక్కు. ఒక్క గడి ఖాళీ లేదు. నేను ఆ టిక్కులను నమ్మాను. అమ్మ గొంతులో పైపు ఉంది, మాట లేదు. ఎడమ చెయ్యి మాత్రం మంచం కడ్డీని పట్టుకుని గుంజుతూ ఉండేది. నన్ను ఉండమంటోందేమో అనుకుని, రేపు మళ్లీ వస్తానని చెప్పి ఆ వేళ్లు విడిపించి వచ్చేదాన్ని. పక్క మార్చమంటోందని నాకు తట్టలేదు. ఆమె కడుపున పుట్టిన దాన్ని, నాలుగు నెలలు ఆమె దగ్గర పాఠం నేర్చుకున్న దాన్ని, నాకు తట్టలేదు. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

పదో రోజు వార్డుకు మార్చారు. నేనే ఎత్తి తిప్పాను. ముందు వాసన వచ్చింది, తర్వాత కనపడింది. అరచేయంత. అమ్మకు అప్పటికి పైపు తీసేశారు. నా మొహం చూసి, "అయిందా" అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఆమెకా నేను అబద్ధం చెప్పేది. కళ్లు మూసుకుంది. పన్నెండు రోజులకు, ఆ విషం రక్తంలో కలిసి, అమ్మ పోయింది.

అన్న లాలాగూడలో ఉంటాడు, అక్కడి రైల్వే వర్క్‌షాపులో పని. దినాలకు అందరం కూర్చున్నప్పుడు ఆ కాగితం చదివాడు. చాలాసేపు చదివాడు. మడిచి నాకిస్తూ, "నాలుగు నెలలు నీ తాన్నే ఉండె గదా" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది. మా పెద్దమ్మ ఇంకో అడుగు ముందుకేసి, "నౌకరున్న పిల్ల, ఎంతకని సూస్తది తియ్యి" అని నా మీద జాలి పడింది. ఆ జాలి నాకు గోరుచుట్టు మీద రోకలిపోటు. తర్వాత అన్న మా ఇంటికి రావడం తగ్గించాడు. ఫోన్ చేస్తే పనిలో ఉన్నా అనేవాడు.

ఆ లైను తీయించాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. నాకు వేరే ఏమీ వద్దు. పుండు ఆసుపత్రిలో అయింది అని ఒక్క ముక్క రాసివ్వాలి, దాన్ని అన్న ముందర పెట్టాలి. మొదటిసారి పోతే రికార్డుల గదిలో, ఫైలు ఇయ్యం మేడం అన్నారు. రెండోసారి పోతే పెద్ద డాక్టరు, ఫైల్లో ఏముంటే అదే మేడం అన్నాడు. చేర్చుకున్న రోజు నర్సు రాసిన కాగితం చూపించమన్నాను. అది దొరుకుతలేదట. వందల ఫైళ్లలో ఆ ఒక్క కాగితానికే కాళ్లొచ్చాయి. నేను గట్టిగా అరిచాను. సెక్యూరిటీని పిలిచారు.

మూడోసారి వార్డు ఇన్‌చార్జి సిస్టర్ దగ్గరకు పోయాను. ఆమె కొత్తగా చేరిన రోజుల్లో చెయ్యి పట్టుకుని పక్క మార్చడం నేర్పింది మా అమ్మే. మా ఇంట్లో అన్నం తిన్న మనిషి. ఆమె నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆమె ముందు నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకోవాలి, మా అమ్మ చేతి కింద పెరిగి మా అమ్మనే కుళ్లబెట్టారు అన్నాను. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది.

"నువ్వు ఎంత ఒర్లినా ఆ లైను మారది బిడ్డా. అది మేం ఇయ్యాల కొత్తగ రాసింది కాదు. మీ అమ్మ ఉన్నప్పటి సంది ఉన్నది."

"అంటే ఏంది?"

"వార్డుల పుండు అయితే, ఇంటి పుండు అని రాసుడే. రాసేది మేము. ఇంటోళ్లకు చెప్పేది మీ అమ్మ."

నోరు జాగ్రత్త అన్నాను. ఆమెకు కోపం రాలేదు.

"మేం చెప్తే నమ్మరు, కొట్లాటకొస్తరు. ఆయమ్మ చెప్తే నమ్ముతరు. ఆమె చేసే చాకిరి అందరు కండ్లార సూస్తరు గదా. ఆమె డ్యూటీల ఎన్నడు కాలె, అది నిజమే. ఆమె నాలుగొద్దులు లీవు పెట్టొస్తే ఎవలకో ఒకలకు అయ్యేది. అయితే ఎవల నౌకరి పోతది, డాక్టర్‌దా? ఒకసారి కాంట్రాక్టు ఆయాలు ఇద్దర్ని నిలవడ్డ పాటున తీసేసిండ్రు. ఇద్దరికీ చిన్న పిల్లలు. అప్పటి సంది మీ అమ్మ చెప్పుడు మొదలువెట్టింది. ఇంట్లనే అయింది, మీరు సూస్కోలె అని."

ఆమె ఇంకా చెప్పింది.

"మీ బస్తీల ఇస్త్రీ ఆమె లేదా, ఆమె అత్తకు గట్లనే అయింది. ఆమె మొగనికి మీ అమ్మనే చెప్పింది. చెప్పినంక మీ అమ్మ నాతోని అన్నది, ఆ గల్లీలకెల్లి పోవుడు బంద్ వెట్టిన సిస్టర్, ఆమె మొకం సూడలేకపోతున్న అని."

ఆ ఇస్త్రీ ఆమె నాకు బాగా తెలుసు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఆమె అత్త తుంటి విరిగి రెండు నెలలు ఇంట్లో మంచం మీద ఉంది, కోడలే చూసుకుంది. తర్వాత రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి పోయింది. సాయంత్రం గంటసేపే ఇంటివాళ్లను లోపలికి రానిచ్చేవాళ్లు. అత్తను పుండ్లు పడేసి చంపింది అని బస్తీ అంతా అన్నారు. పంపు దగ్గర బిందెల కొట్లాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఆ మాట తీసేవాళ్లు. ఒకసారి అలా అన్నప్పుడు నేను కూడా మా గడపలో నిలబడి నవ్వాను. లోపల మా అమ్మ కూర తరుగుతోంది. అంతా విన్నది. ఉల్లిగడ్డ ధర మీద గంట మాట్లాడే మనిషి, ఆ రోజు నోరు విప్పలేదు. నన్ను నవ్వవద్దని కూడా అనలేదు.

ఆసుపత్రి నుంచి బయల్దేరి క్యాంపస్‌లో సగం దూరం వచ్చాక స్కూటీ నడపలేక ఒక పక్కన ఆపేశాను. మా అమ్మను తిట్టాను. బయటికే తిట్టాను. అటుగా పోతున్న హాస్టల్ అమ్మాయిలు ఇద్దరు తిరిగి చూశారు. తోటి ఆయాల నౌకరి కాపాడావు సరే, ఆ ఇస్త్రీ ఆమె ఏం పాపం చేసిందే అన్నాను. పేదోళ్ల నౌకరి పేదోళ్ల నెత్తి మీద పెట్టి కాపాడడం ఏం తెలివే అన్నాను. నీ వార్డులో వార్డు పుండు ఎందుకు లేదో ఇప్పుడు తెలిసిందే అన్నాను. దానికి పేరు మార్చి ఇళ్లకు పంపించావు. చివరికి నీది కూడా మన ఇంటికే పంపించారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నాకు చెప్పిన దానివి, నువ్వు తొక్కిన అడుసు కడుక్కోకుండానే పోయావు. ఇంత తిట్టాక కూడా, ఆమె ఎదురుగా ఉంటే రెండు చేతులా పట్టుకుని ఏడ్చేదాన్నని నాకు తెలుసు. ఆ సంగతికి కూడా కోపమే వచ్చింది.

ఆ సాయంత్రం లాలాగూడ పోయి అన్నకు అంతా చెప్పాను. చాలాసేపు టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు, టీవీ ఆపేసి ఉంది.

"అయితే నీ తప్పేం లేదు" అన్నాడు చివరికి. "నేనే ఊకె మనసుల పెట్టుకున్న. చుట్టాలకు నేను చెప్త. నువ్వు మంచిగనే సూస్కున్నవ్, దవాఖానోళ్లే తప్పు రాసిండ్రు అని చెప్త."

నేను కావాలనుకున్నది అదే. కాగితం మారకపోయినా అన్న నోటి నుంచి ఆ మాట వచ్చింది. నేను లేవబోతుంటే మళ్లీ అన్నాడు.

"కని అమ్మ సంగతి బయట ఎవలకు చెప్పకు. సచ్చినామె మీద బురద ఎందుకు. ఆమెకున్నదే గంత పేరు."

సరే అన్నట్టు తలూపి వచ్చాను. వారం రోజులు ఊరుకున్నాను కూడా. ఆఫీసులో పేర్లు దిద్దుతూ కూర్చున్నాను. అయితే ప్రతి రోజూ ఒకటే ఆలోచన. నాకు ఒక అన్న దొరికాడు, నీ తప్పు లేదని అన్నాడు. ఇరవై మూడేళ్లుగా ఆ ఇస్త్రీ ఆమెకు ఎవరన్నారు? నేను ఆసుపత్రి ముందు నిలబడి అడుగుతున్నది ఏమిటి, ఆ ఒక్క మాటే కదా. అడగడానికి నాకు నోరుంది, చెప్పడానికి లేదా? పైగా ఎంత సిగ్గులేని పని, నా లైను నాకు దిద్దాలి, ఆమెది మాత్రం అలాగే ఉండాలి.

ఆదివారం పొద్దున మాణికేశ్వర్ నగర్ పోయాను. గల్లీ మొదట్లో, ఇంటి ముందే రేకుల కింద వాళ్ల ఇస్త్రీ బండి. ఆయన బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తున్నాడు, ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని చీరలు మడత పెడుతోంది. ఇద్దరికీ జుట్టు నెరిసింది. నన్ను చూడగానే ఆయన గుర్తుపట్టాడు.

"ఆయమ్మ బిడ్డవు గదా. పోయిందని తెలిసింది. మంచి మనిషి. మా అవ్వను ఆఖరి రోజులల్ల ఎంత సూసిందో. ఇంట్లోళ్లు సూడకపోయినా ఆమె సూసింది."

ఇంట్లోళ్లు అన్నప్పుడు ఆయన పక్కకు చూడలేదు. ఆమె కూడా తల ఎత్తలేదు. ఆ మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు అని ఉంటారో, ఎండ గురించి అన్నట్టు అనేశాడు. నేను నిలబడే చెప్పాను. మీ అవ్వకు పుండు ఇంట్ల కాలేదు, దవాఖానల అయింది, మా అమ్మ మీకు అబద్ధం చెప్పింది అన్నాను. ఆయన చెయ్యి ఆగింది.

"ఆయమ్మ చెప్పింది గది. నాకే చెప్పింది. ఆమెకేం అవసరం అబద్ధమాడనీకి?"

ఎందుకాడిందో చెప్పాను. సిస్టర్ నాతో అన్నదంతా చెప్పాను. మా అమ్మకు కూడా అదే ఆసుపత్రిలో అలాగే అయిందనీ, అలాగే రాశారనీ చెప్పాను. ఆయన పెట్టె పక్కన పెట్టి, చొక్కా మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. భార్య వైపు చూడాలని చూస్తున్నాడు, మెడ తిరగడం లేదు.

ఆమె చీర పక్కన పెట్టి లేచింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా మీదకొస్తుందనుకున్నాను, అదీ లేదు. లోపలికి తిరిగి కోడళ్లను ఇద్దరినీ పిలిచింది. ఎదురింటి ముసలామెను పిలిచింది. పంపు దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లను, ఇటు రండ్రి ఒకసారి, అని పిలిచింది. అందరూ వచ్చేదాకా నన్ను కదలనివ్వలేదు.

"ఇప్పుడు మల్ల చెప్పు" అన్నది.

చెప్పాను. ముందున్న ఇద్దరు ముగ్గురికే వినపడింది.

"ఇనవడలె. ఎనుకున్నోళ్లకు ఇనవడాలె."

మళ్లీ చెప్పాను. గట్టిగా చెప్పాను. పుండు ఇంట్ల కాలె, దవాఖానల అయింది, ఈమె తప్పు లేదు, మా అమ్మ అబద్ధం చెప్పింది. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"మా అమ్మ అంటే ఎవలకెర్క. ఆయమ్మ అన్నా ఎవలకెర్క, ఆ దవాఖానల పది మంది ఆయమ్మలు. పేరు వెట్టి చెప్పు."

మా అమ్మ పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా.